అర్పితకు బండి రాకూడదు

పోయిన వారం మనం అర్పితను హెబ్బగోడి ఊరి వెనక ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ సైట్ల మధ్య, పడిపోయిన మోటారు సైకిలు కింద కాలు ఇరుక్కుని ఉండగా వదిలి వచ్చాం. ఆ కాలు విరగలేదు. విరిగి ఉంటే బాగుండునని ఆమె ఆ తరువాత చాలాసార్లు అనుకుంది. కాలు విరిగిన మనిషిని తెల్లవారగానే లేపి బండి ఎక్కమని ఎవరూ అనరు కదా.

ఆ ఇంటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అర్పిత భర్త హేమంత్‌కుమార్ అపార్ట్‌మెంట్లు తిరిగి నీళ్ళ ఫిల్టర్లు బాగుచేసే పని చేసేవాడు. పోయిన వానాకాలం హోసూరు రోడ్డు మీద బండి జారి పడ్డాడు. మెడ దగ్గర నరాలు తెగిపోయాయి. కుడిచెయ్యి భుజానికి వేలాడే బరువుగా మిగిలింది. ఆ చేతికి ఇక ప్రాణం రాదని డాక్టర్లు చెప్పేశారు. తన ఏరియాను భార్యకు ఇప్పించమని అతనే పోయి సూపర్‌వైజరును బతిమాలాడు. ఫిల్టరు విప్పడం, బిగించడం అర్పిత ఇంట్లో కూర్చునే నేర్చుకుంది. పనితనం ఉన్న చేతులు ఆమెవి. కానీ ఆ పని ఇంట్లో కూర్చుంటే జరగదు. పనిముట్లూ ఫిల్టర్లూ పెట్టుకునే ఇనప పెట్టెలు ఆ మోటారు సైకిలుకే బిగించి ఉన్నాయి, స్కూటరుకు అవి నిలవవు. నెలాఖరులోగా బండి నడుపుకుంటూ వస్తే ఏరియా ఆమెది, రాకపోతే ఇంకొకరిది. నెలాఖరు దగ్గరికొచ్చేసింది. ఆమెకు బండి రాలేదు.

ఆ పొద్దున కూడా ఎండ నీలగిరి చెట్లు దాటకముందే ఇద్దరూ బండి తోసుకుంటూ సైట్ల దగ్గరికి చేరారు. హేమంత్ ఎప్పటిలాగే ఒక హద్దురాయి మీద కూర్చున్నాడు. ఒంటిచేత్తో బండి ఎక్కి చూపించలేడు కాబట్టి దూరం నుంచి నోటితోనే నేర్పాలి. ఆ నోరు రోజురోజుకూ పదునెక్కుతోంది.

“స్టార్ట్ చెయ్యి.”

చేసింది. ఇంజను గురగురమంది. కిందటి రోజు దెబ్బ తగిలిన మోకాలు ఆ అదురుకే సలిపింది.

“క్లచ్ పట్టు. పూర్తిగా పట్టు. ఇప్పుడు గేరు.”

నాలుగు వేళ్ళతో లివరును హ్యాండిలుకు ఆనేదాకా నొక్కి పట్టింది అర్పిత. ఎడమకాలితో గేరు తొక్కింది. ఠక్కుమంది. వెనకనుంచి ఎవరో తన్నినట్టు బండి ఒక్క దూకు దూకి ఆగిపోయింది.

“క్లచ్ ఎందుకు వదుల్తావే?”

“వదల్లేదు బావా. పట్టుకొనే ఉండా.”

“పట్టుకొనుంటే ఎట్ల ఆగిపోతాది? నాకు చెప్తావా?”

హేమంత్ ఆమెకు మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచి బావే. పెళ్ళయ్యాక కూడా ఆమె మీద గొంతు పెంచిన మనిషి కాదు. చెయ్యి పోయాక గొంతు మారింది. మొదట్లో అర్పిత దాన్ని ఓర్చుకుంది. తరువాత నమ్మడం మొదలుపెట్టింది. తాను మొద్దునని, తన కాళ్ళకూ చేతులకూ పొత్తు లేదని, పుట్టుకతోనే ఏదో తక్కువగా పుట్టానని. కొన్నాళ్ళ కిందట బండి మీదే అనుమానం వచ్చి మెకానిక్ మునిస్వామిని ఇంటికి పిలిపించింది. అతను బండెక్కి వీధి చివరిదాకా పోయి వచ్చి, “బంగారం మాదిరి ఉండాదమ్మా బండి” అని చెప్పి పోయాడు. ఆ తరువాత ఇక ఎవరి మీద నెపం పెట్టాలి?

మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఠక్కుమంది, దూకింది, ఆగింది. ఈసారి భయంతో గేరు వేసేముందే యాక్సిలరేటరు కొంచెం తిప్పింది. బండి ఆగలేదు. ఆగకుండా ఎగిరి, ముందు చక్రం అడ్డం తిరిగి, పక్క సైటులో ఎవరో కొట్టి పడేసిన కంపలోకి ఆమెను విసిరేసింది.

అదే సమయానికి రోడ్డు మీద పొద్దుటి షిఫ్టు వాళ్ళను తీసుకుపోయే కంపెనీ బస్సు వచ్చింది. కిటికీల్లోంచి ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరూ నవ్వలేదు. “అయ్యో” అన్నట్టు ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు అర్పితకు.

లేచి నిలబడలేదు. కంపలోనే కూర్చుని మోచేతిలో దిగిన ముల్లు పీక్కుంది. ఏడుపు కూడా రాలేదు. ఆ దశ దాటిపోయింది.

“నా చేత కాదు బావా. ఇంగ రాను. ఆ పని వేరే ఎవరికన్నా ఇయ్యమను. నేను అపార్ట్‌మెంట్లలో వంటపని చూసుకొంటా, బట్టల ఫ్యాక్టరీలో చేరతా. దీన్ని అమ్మేద్దాం.”

ఇక తిట్లు మొదలవుతాయనుకుంది. హేమంత్ రాయి మీద నుంచి లేచి వచ్చాడు. వచ్చి, ఆమె ఎదురుగా మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి చొక్కా లోపల ఉన్న పట్టీలో వేలాడుతోంది. ఎడమచేత్తో ఆమె గడ్డం పట్టుకున్నాడు.

“ఇదొక్కటి నేర్చుకో అర్పితా. నీకు దండం పెడతా. ఇంగేమీ అడగను నిన్ను. జన్మలో అడగను.”

ఆ గొంతు ఆమెకు తెలిసిన గొంతు కాదు. తిట్టే గొంతూ కాదు, పాత బావ గొంతూ కాదు. బిచ్చం అడిగే గొంతు. ఆ ముఖం చూడలేక అర్పిత తల తిప్పుకుంది.

కాసేపటికి అతనే లేచాడు. “సరే పో. బండి తోసుకొని ఇంటికి పో. నేను కొంచేపుండి వస్తా. ఈ పొద్దో రేపో, ఇది తేలిపోవాల. ఇట్ల ఎంత కాలమని?”

*

ఇంటి ముందు బండిని స్టాండు వేసి అర్పిత మెట్టు మీద కూలబడింది. ఆరేళ్ళ చైత్ర అప్పటికే బడికి వెళ్ళిపోయింది. అత్త సొన్నమ్మ లోపలినుంచి వేడినీళ్ళ చెంబుతో వచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది. కోడలి కాలు ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ తడిపి మట్టి తుడిచి, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది. మంట పుట్టకుండా నోటితో ఊదుతూ రాసింది, చంటిబిడ్డకు రాసినట్టు.

“ముల్లు విరిగిందేమో చూడనీ... పో తల్లీ, పోయి నీళ్ళు పోసుకో. మల్ల కట్టు కడతా.”

లోకంలో ఇంకా తనను మెత్తగా తాకే చెయ్యి ఇదొక్కటే అనుకుంటూ అర్పిత లోపలికి పోయింది. స్నానాల గది తలుపు తీశాక గుర్తొచ్చింది, తువ్వాలు బయట తాడు మీదే ఉందని. వెనక్కి వచ్చింది.

సొన్నమ్మ బండి పక్కన నిలబడి ఉంది. ఎడమవైపు హ్యాండిలు దగ్గర, క్లచ్ తీగ లివరులోకి దూరేచోట చిన్న పళ్ళచక్రం లాంటి మర ఒకటి ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో తిప్పుతోంది. వెతుక్కుంటూ తిప్పడం కాదు. కుళాయి కట్టేసినంత అలవాటుగా తిప్పుతోంది.

“ఏం చేస్తా ఉండావత్తా?”

సొన్నమ్మ ఉలిక్కిపడింది. “దుమ్ము పట్టింటే తుడుస్తా ఉండా.”

చేతిలో గుడ్డ లేదు.

అర్పిత మెట్టు దిగి వచ్చి లివరు పట్టుకుంది. నొక్కింది. గట్టిగా ఉంది. సగం దూరానికే లోపల ఏదో బరువైనది కదిలినట్టు తెలిసింది చేతికి. ఇన్నాళ్ళూ ఆమె నొక్కిన లివరు ఇలా లేదు. అది ఊడబోయే పన్నులా వదులుగా ఊగేది, చివరిదాకా నొక్కినా ఏమీ తగిలేది కాదు. బండి అంటే అలాగే ఉంటుందనుకుంది. ఇంకో బండి లివరు పట్టుకుని చూసిన మనిషైతే కదా తేడా తెలియడానికి.

మరను ఇటు తిప్పింది. లివరు వదులైంది. అటు తిప్పింది. గట్టిపడింది. సొన్నమ్మ చూస్తూ నిలబడింది. ఆమె భర్త, పోయిన ఓబళప్ప, ఆనేకల్ రోడ్డులో స్కూటర్లు రిపేరు చేసేవాడు. పెళ్ళయిన కొత్తనుంచీ ఆయన పక్కన స్టూలు వేసుకుని పానాలు అందించిన మనిషి సొన్నమ్మ.

“మునిస్వామి వచ్చిన పొద్దు బిగించి పెట్టినావా?”

సొన్నమ్మ తల ఊపింది.

“రోజూ నేను పోయేముందు వదులు చేస్తా ఉండావు. వచ్చినాక బిగిస్తా ఉండావు.”

“ఊఁ.”

అర్పితకు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ కంప, ఆ బస్సు, ఆ తిట్లు. రాత్రిళ్ళు గోడవైపు తిరిగి, నేనెందుకు పుట్టానని అనుకున్న ఆ గడియలన్నీ. పడినప్పుడు నెత్తి రాయికి తగిలి ఉంటే?

“నా మోకాలికి పసుపు రాసేది కూడా ఈ చెయ్యే కదత్తా?” ఆ చెయ్యి పట్టి ఎత్తింది. “నేను నీకేం చేసినా? మా నాయిన చెల్లెలివి నువ్వు. నన్ను ఎత్తుకొని తిరిగినదానివి. నేను బండెక్కి ఊరంతా తిరిగితే నీ పరువు పోతాదా?”

“పరువు నాకెందుకమ్మా.”

“మరి పని దొరికితే నీ కొడుకును వదిలేసి పోతాననుకొన్నావా?”

“నువ్వు పోవు. నాకు తెలుసు.”

“మరెందుకు?” అని అరిచింది అర్పిత. ఎదురింటి పెద్దమునియప్ప పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

సొన్నమ్మ మెట్టు మీద కూర్చుంది. నూనె పసుపు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటివైపే చూస్తూ చెప్పింది.

“నీకు బండి వచ్చిన పొద్దు వాడు పోతాడు.”

“యాడికి?”

“వాళ్ళ నాయిన దగ్గరికి.”

అర్పితకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. ఓబళప్ప పోయి చాలా ఏళ్ళయింది. నడి ఇంట్లో గోడ మీద ఫోటో ఉంది, దానికి ప్లాస్టిక్ పూలదండ ఉంది. ఆ ఫోటో కళ్ళముందుకొచ్చాక అర్థమైంది. మెట్టు పక్కన గోడ పట్టుకుంది.

“నువ్వు బండి నేర్చుకోవాలని వాడు పట్టుబట్టిన కొత్తల్లో,” అంది సొన్నమ్మ. “మధ్యాన్నం నేను నిద్రపోయినాననుకొన్నాడు. ఫోటో ముందర నిలబడి మాట్లాడతా ఉండాడు. ‘నాయినా, దానికి బండి వస్తే చాలు. దాని కాళ్ళ మీద అది నిలబడతాది, బిడ్డను సాకుతాది. నా చెయ్యి నేను కడుక్కోలేను, నేనెందుకు వాళ్ళకు బరువు? బండి వచ్చిన పొద్దు నేనూ నీ దగ్గరికి వచ్చేస్తా’ అన్నాడు. ఏడ్చుకొంటా అనలేదు అర్పితా. రేపు సంతకు పోయొస్తా అన్నట్టు అన్నాడు. ఏడ్చింటే నాకింత భయం ఉండేది కాదు.”

వీధిలో నీళ్ళ ట్యాంకరు ఒకటి పెద్ద చప్పుడుతో పోయింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు వాణ్ణి అడుగుతావు. వాడు లేదంటాడు. అని, ఆ పొద్దే పోతాడు. నాకు చదువా, తెలివా? నాకు తోచింది ఇదొక్కటే. నువ్వు పడతా ఉంటే వాడు ఉంటాడు. నువ్వు పడిన ప్రతి పొద్దూ నాకు ఇంకొక పొద్దు దొరికింది. నీ మోకాలు చూసి ఏడ్చినా. దేవుడికి దండమూ పెట్టుకొన్నా. నన్ను కొడితే కొట్టు.”

కొట్టాలనే ఉంది అర్పితకు. ఎవరిని కొట్టాలో తెలియడం లేదు. ఈ నెలల్లో జరిగినవన్నీ ఒక్కొక్కటే కొత్త ముఖంతో వచ్చి ఎదుట నిలబడుతున్నాయి. చైత్రకు బూటు లేసు కట్టుకోవడం తన ఎడమచేత్తోనే ఓపిగ్గా నేర్పాడు హేమంత్. ఏ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ మంచివాడో, ఎక్కడ లిఫ్టు పనిచేయదో భోజనం చేస్తూ చేస్తూ చెప్పేవాడు. తన రెయిన్‌కోటూ, కొత్త బూట్లూ పక్కవీధి రాముకు ఇచ్చేశాడు. బావ మెల్లమెల్లగా కోలుకుంటున్నాడు, బతుకు మీద మళ్ళీ ఆసక్తి పుడుతోంది అనుకుని ఆమె లోలోపల సంతోషపడింది. అతను మూటలు కట్టుకుంటున్నాడని తెలియలేదు.

ఇంగేమీ అడగను నిన్ను. జన్మలో అడగను.

“అత్తా,” అంది అర్పిత ఉన్నట్టుండి. “బావ ఇంకా రాలేదు.”

“నీ వెనకాలే వస్తాడనుకొన్నా.”

“కొంచేపుండి వస్తా అన్నాడు. నేను ఇంగ రానని చెప్పినా. ఈ పొద్దో రేపో తేలిపోవాల అన్నాడు.”

ఫోను చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగింది. సొన్నమ్మ లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ కోడలు పడితే కొడుకు ఉంటాడని లెక్క వేసుకున్న మనిషి. కోడలు ఇక లేవనంటే ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు.

“బండి తియ్యి,” అంది.

“నాకు రాదత్తా!”

“వస్తాది. ఎప్పుడో వచ్చింది నీకు. నేనే రానియ్యలేదు. ఎక్కు.”

అర్పిత ఎక్కింది. లివరు నొక్కింది, గేరు వేసింది. ఈసారి ఠక్కు లేదు. దూకుడు లేదు. బండి బుద్ధిగా నిలబడి ఎదురుచూసింది. వేళ్ళు మెల్లగా వదులుతూ పోతే, ముందుకు పాకింది. నిజంగానే పాకింది. సొన్నమ్మ వెనక కమ్మీ పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి వదిలేసింది.

ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. గాలి మోచేతి గాయాన్ని తాకి చుర్రుమంది. ఇంతేనా, ఇంత సులువా అనిపించింది ఒక్క క్షణం. మరుక్షణం, ఏ గోతి పక్కనో, ఏ చెరువు గట్టు మీదో ఏం చూడాల్సి వస్తుందోనన్న భయం ఆ సంతోషాన్ని నోరెత్తకుండా నొక్కేసింది.

*

అతను అక్కడే ఉన్నాడు. అదే రాయి మీద. ఫోను పక్కన పెట్టుకుని, మోగుతున్నా వినబడనట్టు ఎటో చూస్తూ కూర్చుని ఉన్నాడు. బండి చప్పుడుకు తల తిప్పాడు. నడుపుతున్నది ఎవరో తెలిసేసరికి లేచి నిలబడ్డాడు.

“అర్పితా!” అని కేక పెట్టాడు. “సెకండ్ గేర్ వెయ్యి! క్లచ్ పట్టి, సెకండ్ వెయ్యి!”

వేసింది. పడింది గేరు. మట్టిరోడ్డు మలుపు దగ్గర బండి వంగి తిరిగింది. సైట్ల చుట్టూ ఒక చుట్టు. హేమంత్ ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తి, చిన్నపిల్లాడిలా ఒక్కచోటే గెంతుతున్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైంది! దాని కోసమే కదా ఇన్ని దెబ్బలు ఓర్చుకుంది.

రెండో చుట్టులో చూసింది. అతను గెంతడం మానేశాడు. చెయ్యి దించేశాడు. ముఖంలో నవ్వు ఇంకా ఉంది కానీ అది ఆమెవైపు లేదు. దూరం నుంచి మోసుకొచ్చిన బరువు దించేసి, ఇక పోవచ్చు అనుకునే కూలివాడి నిమ్మళం కనిపించింది ఆ ముఖంలో.

అర్పితకు అత్త చెప్పిన మాట గుర్తొచ్చింది. అతనికి నాలుగు బారల దూరంలో ఉండగా, బ్రేకు తొక్కింది. క్లచ్ పట్టుకోలేదు. బండి వణికి, ఎగిరి, ఆగిపోయి పక్కకు ఒరిగింది. ఆమె దాంతోపాటే ఒరిగింది. మోకాలు మళ్ళీ అదే చోట నేలకు తగిలింది.

“రాలేదు బావా,” అంది మట్టిలోనుంచే. “చూసినావా? మల్ల ఆగిపోయింది. నాకు రాదు.”

హేమంత్ నడిచి వచ్చాడు. తొందరపడలేదు. వచ్చి పక్కన నిలబడి చాలాసేపు ఆమెను చూశాడు.

“నీకు నేర్పింది నేను. చేతకాక ఆగిన బండేదో, కావాలని ఆపిన బండేదో నాకు తెలీదా?”

అర్పిత తల వంచుకుని మోకాలికంటిన మట్టి దులుపుకుంది.

“అమ్మ చెప్పిందా?”

ఆమె తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే జవాబయింది. హేమంత్ ఊపిరి వదిలి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి జారి ఒళ్ళోంచి మట్టిలో పడింది. అతను దాన్ని ఎత్తుకోలేదు. అర్పిత ఎత్తి, మట్టి దులిపి, తన ఒళ్ళో పెట్టుకుంది. చల్లగా ఉంది.

“నేను నేర్చుకోను బావా,” అంది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. “జన్మలో నేర్చుకోను. చైత్ర పెండ్లి దాకా ఈ సైట్లలో పడతానే ఉంటా. నువ్వు ఆ రాయి మీద కూర్చొని తిడతా ఉండు. నాకేం బేజారు లేదు. తిట్టు. ముసలోళ్ళమయ్యేదాకా తిట్టు.”

అతను ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. ఆమె ఒళ్ళో ఉన్న తన చేతివైపు, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

“దీన్ని పట్టుకుంటే నీకెట్ల ఉంటాది?” అని అడిగాడు.

“నీ చెయ్యి మాదిరి ఉంటాది.”

“నాకేం తెలియడం లేదు, నువ్వు పట్టుకున్నట్టు.”

అర్పిత ఆ వేళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంది. కాసేపటికి హేమంత్ లేచాడు. ఎడమచెయ్యి అందించి ఆమెను లేపాడు. ఇద్దరూ కలిసి మూడు చేతులతో బండిని ఎత్తారు.

“నన్ను ఎక్కించుకో,” అన్నాడు.

అర్పిత తేరిపార చూసింది. పడిన రోజు నుంచి అతను బండి వెనక కూడా కూర్చోలేదు. ఆసుపత్రికైనా ఆటోలోనే పోయేవాడు.

“ఇంటికే కదా?”

“మెల్లగా పోనీ.”

వెనక సీటు కిందికి కుంగింది. మనిషి బరువు ఉంటే బండి వేరే బండి అయిపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. అతని ఎడమచెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆసరా కోసం పట్టుకున్నాడా, ఆపడానికి పట్టుకున్నాడా చెప్పలేని పట్టు. బండి కదిలింది. మట్టిరోడ్డు దాటి, సిమెంటు దుకాణం దాటి, కూడలి దగ్గరికి వచ్చింది. అక్కడ ఆపగలిగింది కూడా, ఈసారి సరిగ్గానే.

కుడివైపు వాళ్ళ వీధి. ఎడమవైపు హేమంత్ జారి పడిన హోసూరు రోడ్డు, దాని మీద ఆగకుండా పరుగెత్తే లారీలు.

అర్పిత కుడివైపు ఇండికేటరు వేసింది. భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

“ఎడమకు తిప్పు.”

“ఆడేముంది బావా?”

వీపుకు అతని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. నిదానంగా ఉంది, నిద్రపోతున్న మనిషి గుండెలాగా. ఎడమకు తిప్పకపోతే దిగి నడిచి పోతాడా? తిప్పితే?

వీధి చివర సొన్నమ్మ కనిపించింది. చెప్పులు లేకుండా రోడ్డు దాకా వచ్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. బండి మీద ఇద్దరినీ చూసి ముందు దండం పెట్టబోయింది. అంతలో కొడుకు ముఖంలో ఏం చూసిందో, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వాళ్ళవైపు పరుగెత్తడం మొదలుపెట్టింది.

“అమ్మ వచ్చేలోపల, అర్పితా,” అన్నాడు హేమంత్ ఆమె చెవి దగ్గర. “ఎడమకు.”